గాలి సోకిన గది

గోడకు చెమ్మ కొలిచే చిన్న మీటరు ఆనించి, అది కీచుమంటే మొహం చిట్లించి, "ఈ గదిలో పాపని ఇంకొక్క పూట కూడా పడుకోబెట్టకండమ్మా" అని అనూరాధ చెప్పి వెళ్ళిన దగ్గర కిందటి వారం ఆగాం. చెమ్మకు ఇళ్ళ గోడల మీద పట్టే బూజు తీసే సంస్థ ఆమెది, విశాఖపట్నంలో. భర్త యుగంధర్ చేపల లారీలు మాట్లాడే పని మీద సాలూరు వెళ్ళి ఉండగా, అత్త నారాయణమ్మ కాదంటున్నా వినకుండా అనూరాధను పిలిపించిన సాహసం సుహాసినిది. ఆ సాహసం తెల్లారేసరికి సగం కరిగిపోయింది.

కరగదా మరి! శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వచ్చే కొత్తమొగలో బూజు తీయించడానికి పట్నం నుంచి మనుషుల్ని రప్పించిన ఇల్లు ఇంతవరకూ లేదు. "బూజు దులపడానికి కారేసుకుని వస్తారంట! ఆళ్ళింట్లో సీపురుకట్ట నేదేటి?" అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకున్నది ఆమె చెవిన పడనే పడింది. ఆ నవ్వులను ఆమె లెక్కచేయలేదు. ఆమెను తినేస్తున్న భయం వేరే ఉంది.

పడకగది వెనక గోడ మీద, ఇనప బీరువా పక్కనుంచి నేల పట్టున మొదలై పైకి పాకిన మచ్చ అది. మొదట అరచేతంత ఉండేది. ఈ వానలకు అది ఎదిగి, భుజాలూ తలా వచ్చి, గోడకు చేరబడి నిలబడ్డ మనిషి నీడలా తయారైంది.

"అది రాజకుమారేనే. ఈ గదిలోనే పేణం ఒదిలినాది. గాలై తిరుగుతన్నాది. నీ గుంటకి ఆ గాలే సోకినాది" అని నారాయణమ్మ ఎన్నిసార్లు అన్నదో.

రాజకుమారి యుగంధర్ మొదటి భార్య. గుండె ఆగి పోయిందని పెళ్ళి మాటలప్పుడు సుహాసిని వాళ్ళకు చెప్పారు. అంతకుమించి ఈ ఇంట్లో ఆమె ఊసు ఎవరూ ఎత్తరు, నారాయణమ్మ తప్ప. నారాయణమ్మ ఎత్తినా అది కోడల్ని బెదిరించడానికే.

సుహాసిని కూతురు దేవికి ఐదేళ్ళు. పడుకుంటే చాలు ఛాతీలో పిల్లికూతలు. నెమ్ము చేసిందన్నారు, పసరు పోశారు, తాయెత్తు కట్టారు. చివరికి శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరు పాప వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, తల ఎత్తి అడిగిన మొదటి మాట, "మీ గోడలకు నెమ్ముందా?" అని. పిల్ల గురించి అడగకుండా గోడ గురించి అడుగుతాడేమిటని సుహాసిని తెల్లబోయింది. ఆ ప్రశ్నే ఆమెను ఇక్కడిదాకా లాక్కొచ్చింది.

పొద్దున్నే దేవిని వీధి చివర బుల్లమ్మ ఇంట్లో దింపి వచ్చింది. బుల్లమ్మ చుట్టం కాకపోయినా పిన్నీ అని పిలుస్తుంది. "నాను వచ్చీదాకా గుంటని గుమ్మం దాటనియ్యకు పిన్నీ" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. తిరిగొచ్చి పనిలోకి దిగింది.

అనూరాధ పంపిన వాయిస్ మెసేజ్ ఫోన్లో మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటోంది. "గోడలకు ఆనించిన సామానంతా ఇవతలికి లాగేయండమ్మా. గుడ్డలూ పరుపులూ దిళ్ళూ ఊరికే మోసుకెళ్ళొద్దు. కవర్లలో కుక్కి, మూతి బిగించి కట్టాకే గది దాటించండి. ఫ్యాను వెయ్యొద్దు. చీపురు ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఆ మచ్చని గీకడం, తుడవడం చెయ్యకండి. పొడిగా ఉన్నప్పుడు కదిపారంటే కంటికి కనపడని దుమ్మై లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. వంటింట్లో తిండి ఏదీ మూత లేకుండా ఉంచొద్దు. పాపని పంపేశారా? నేను చెప్పేదాకా ఇంటి ఛాయలకు రానివ్వకండి."

మాట పొల్లుపోకుండా చేసింది. పాప గౌన్లు కవర్లో పెడుతుంటే ముక్కుకు ఆ వాసన కొట్టింది. తడి మన్నూ, పాత సున్నమూ, ముగ్గిన గోనెసంచీ కలిసిన వాసన. ఇన్నాళ్ళూ చేపల ఇంట్లో ఉండే వాసనే అనుకుంది. ఇప్పుడు విడిగా తెలుస్తోంది. ఇదే వాసన పాప జుట్టులో ఉండేది.

మంచం పోయింది, పెట్టెలు పోయాయి, దేవుడి పటాలు ముందుగదిలోకి పోయాయి. గదిలో బీరువా ఒక్కటే మిగిలింది. బోసిగది. అడుగు వేస్తే అడుగు మోగుతోంది. ఆ నిశ్శబ్దంలో సుహాసినికి వినిపించింది. గోడ లోపల ఎక్కడో, టప్... మళ్ళీ కాసేపటికి, టప్.

చేతిలో కవరు జారిపోయింది. మచ్చ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. మనిషి నీడ, తల కొంచెం ఒక పక్కకు వాలి, చెవి ఒగ్గి వింటున్నట్టుంది. డాక్టరు మాటలూ, మీటరు కూతా అన్నీ మరిచిపోయి, "నా బిడ్డ నీకేం చేసిందే" అని గొణిగింది. గొణిగినందుకు తనమీద తనకే సిగ్గేసింది.

వెనక చప్పుడైతే ఉలిక్కిపడి తిరిగింది. నారాయణమ్మ. గుమ్మం దాటి లోపలికి వచ్చి, నేరుగా వెళ్ళి బీరువాకు వీపు ఆనించి నేలమీద చతికిలబడింది.

"లెగు అత్తా. బీరువా కదపాలి."

"ఇది కదల్దు."

"మనుసులొస్తన్నారు. ఆళ్ళొచ్చీసరికి గోడ కాళీ సెయ్యాలి."

"అన్నీ కాళీ సేసినావు. దేవుడి పటాలు తీసినావు, నానేటైనా అన్నానా? ఈ బీరువా జోలికి మాత్రం రాకు."

"ఎందుకేటి?"

"ఎందుకంటే ఏటి సెప్తానే! దాని ఎనకాల ఉన్నది నీకు మంచిది కాదు. ఆడొచ్చినాక ఆడే సూసుకుంటాడు."

నారాయణమ్మ అంటే ఆ తీరంలో తెలియనివాళ్ళు లేరు. నెత్తిన చేపల గంపతో శ్రీకూర్మం దాకా నడిచి, వేలంపాటలో మగాళ్ళ గొంతులు నొక్కేసిన మనిషి. మొగుడు నూకయ్య పోయినప్పుడు కూడా బావురుమనలేదు. అటువంటి మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ చేతులు వణుకుతున్నాయి. సుహాసిని ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. అత్త అడ్డం పడుతోంది కోపంతో కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. అత్త భయపడుతోంది. నారాయణమ్మే భయపడేది ఆ బీరువా వెనక ఏం ఉంటుంది?

వెనక్కి తగ్గిపోదామనే అనిపించింది. అంతలో రాత్రి పాప పడ్డ ఆయాసం గుర్తొచ్చింది. ఊపిరి లోపలికి పోక, కళ్ళు పెద్దవి చేసుకుని, "అమ్మా, గాలి రాట్లేదే" అని చెయ్యి పట్టుకున్న పట్టు గుర్తొచ్చింది.

"అత్తా, నా గుంట పిల్లికూతలు నీకు ఇనిపించడం నేదా?"

నారాయణమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇనిపిస్తన్నాయి గదా! మరి లెగు!"

సుహాసిని వంగి అత్త రెట్టలు పట్టుకుంది. ముసలావిడ గింజుకుంటుందనుకుంటే, ఆమె ఏ బలమూ లేనట్టు లేచి వచ్చేసింది. ఆ తేలికదనానికి సుహాసినికి మరింత భయం వేసింది.

అనూరాధ వచ్చింది. వెంట గోవింద్, నలభై దాటిన మనిషి, ఆమె దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్నవాడు. ఇద్దరూ తలనుంచి కాలిదాకా తెల్లటి తొడుగులు వేసుకున్నారు. గది గుమ్మానికి మందపాటి ప్లాస్టిక్ షీటు అంటించి, మధ్యలో జిప్పు పెట్టారు. గాలిని పీల్చి వడగట్టే మెషీను ఒకటి లోపల పెట్టి, దాని లావుపాటి గొట్టాన్ని పక్క కిటికీలోంచి బయటికి వదిలారు. మెషీను హోరుమని మొదలయ్యేసరికి గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ షీటు లోపలికి పీల్చుకుపోయి బిగుసుకుంది.

"మీరు బయటుండండి మామ్మగారూ" అంది అనూరాధ.

"నానూ ఉంటాను" అంది నారాయణమ్మ. "ఉండి తీరతాను."

ఇద్దరికీ మాస్కులు ఇచ్చారు. మాస్కు మీద నారాయణమ్మ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి బీరువాను వదలడం లేదు.

గోవింద్, సుహాసిని చెరో పక్కా పట్టి లాగారు. బీరువా కిర్రుమంటూ జరిగింది. సుహాసిని తొంగి చూసింది. నల్లగా, భయంకరంగా ఏదో ఉంటుందనుకుంది.

ఏమీ లేదు. బీరువా వెనక గోడ లేతాకుపచ్చ రంగుతో, మిగతా గోడలకన్నా శుభ్రంగా, నున్నగా ఉంది. నల్లమచ్చ దాని అంచు దాకా వచ్చి, గీత గీసినట్టు ఆగిపోయింది.

"ఓసి, ఇంతేనా!" అనేసింది సుహాసిని. నవ్వు కూడా వచ్చింది.

అనూరాధ నవ్వలేదు. వేలి కణుపుతో ఆ నున్నటి చోట తట్టింది. డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"మేడం, ఇది గోడ కాదండి. చెక్క పలక" అన్నాడు గోవింద్. "గోడకి స్క్రూలు బిగించి, గోడ రంగే వేసేరు. పై రంగు కింద ఇంకో రంగుంది సూడండి. దానికింద ఇంకోటి. బూజు బయటికొచ్చినప్పుడల్లా కొట్టినట్టున్నారు."

"ఎవరు వేయించారమ్మా ఇది?" అనూరాధ అడిగింది.

సుహాసినికి తెలియదు. తను కాపురానికి వచ్చేసరికే బీరువా అక్కడుంది. అత్త వైపు తిరిగింది. నారాయణమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

గోవింద్ పలక అంచుల వెంట మందు చిలకరించి తడిపి, ఒక్కొక్క స్క్రూ విప్పాడు. ఆఖరిది ఊడగానే పలక దానంతటదే ముందుకు వాలింది. అతను పట్టుకుని పక్కన పెట్టాడు. మాస్కు ఉన్నా ఆ వాసనకు సుహాసినికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పలక వెనక భాగమంతా నల్లటి నూగు. గోడ మీద అది మెత్తగా, మందంగా, పశువు చర్మంలా మెరుస్తోంది. ఆ నలుపు మధ్యలో నిలువుగా ఒక చట్రం. చట్రం లోపల ఎర్ర ఇటుకలు. ఒకప్పుడు అక్కడ కిటికీ ఉండేది. దాన్ని ఇటుకలతో మూసేశారు. ఇటుకల సందుల్లోంచి నీరు ఊరి, బొట్టు కట్టి, జారి, టప్ మంటోంది.

ఆ సందుల్లో గుడ్డలు దూర్చి ఉన్నాయి. పేలికలు. ఎవరో ఓపిగ్గా, వేలితో నొక్కి నొక్కి, ఇటుకకీ ఇటుకకీ మధ్య కుక్కారు. చాలామటుకు కుళ్ళి నల్లబడ్డాయి. పైన ఒకటి మాత్రం రంగు తెలుస్తోంది. పసుపు అంచున్న ఎర్రచీర ముక్క.

"అది రాజకుమారి సీర" అంది నారాయణమ్మ.

మెషీను హోరులో ఆ మాట సుహాసినికి సరిగా వినపడిందో లేదో అనిపించింది. "ఏటి?"

"పెళ్ళి సీర. సింపి కుక్కినాది. అలాగైనా నీళ్ళాగుతాయనుకున్నాది పిచ్చిది."

అనూరాధ గోడకు మీటరు ఆనించింది. అది ఆగకుండా కూసింది. "ఇది వాన చెమ్మ కాదు. వానైతే పైనుంచి దిగుతుంది. ఇది అవతలి నుంచి వస్తోంది. ఈ గోడ వెనకాల ఏముంది?"

"ఐసు గది" అంది సుహాసిని. అన్నాకే ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు తెలిసొచ్చింది.

ఐసు గది అక్కడుందని ఆమెకు తెలియక కాదు. నూకయ్య ఉన్న రోజుల్లోనే ఇంటి గోడకు ఆనించి కట్టింది. దాని వాకిలి పక్క సందులోకి ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకు దాని ధ్యాస ఉండదు. శ్రీకాకుళం ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు దిగుతాయి, ఊకపోసి గోనెలు కప్పుతారు, చేపల పెట్టెల్లోకి పగలగొడతారు. కరిగిన నీళ్ళు ఎటు పోతున్నాయని ఎవరు అడిగారు? కాలవ లేదు. అవి ఈ గోడలోకే పోతున్నాయి. ఏళ్ళ తరబడి.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఏటా ఎండాకాలంలో వేటకు సర్కారు నిషేధం పెట్టినప్పుడు పడవలు కదలవు, ఐసు రాదు. ఏటా ఆ రోజుల్లోనే దేవికి దగ్గు నిదానించేది. గంగమ్మకు మొక్కిన మొక్కు ఫలించిందని తను కొబ్బరికాయలు కొట్టేది. వేట మొదలైన వారానికి మళ్ళీ పిల్లికూతలు.

"నీకు తెలుసు" అంది అత్తతో. "నీకు ముందునుంచీ తెలుసు."

"తెలుసు."

"రాజకుమారి గుండాగి పోనేదు."

"ఆకరికి అందరికీ గుండే గదే ఆగుతాది!" నారాయణమ్మ మాస్కు కిందికి లాగేసింది. అనూరాధ వద్దని చెయ్యెత్తినా ఆమె చూడలేదు. "దగ్గు. నీ గుంట దగ్గినట్టే దగ్గినాది. 'అత్తా, గోడలోంచి నీళ్ళొస్తన్నాయి, కిటికీ ఇప్పించు, గాలాడతాది' అనీది. నా కొడుకుతో సెప్పినాను. దిమ్మలు ఆ గోడకే పేర్చాలి, కిటికీ ఉంటే కుదర్దని ఇటికలు కట్టించినాడు. అది ఒల్లకోనేదు. మొగుడితో దెబ్బలాడినాది. 'సూడు, నలుపు సూడు' అని సెయ్యట్టుకుని లాక్కొచ్చి సూపించినాది. ఆడేటి సేసినాడో తెలుసా? ఈ పలక కొట్టించి రంగేసి, 'ఇప్పుడేటి కనిపిస్తంది? ఏటీ నేదు గదా' అన్నాడు. ఆ వానాకాలం అది దాటనేదు."

సుహాసిని గోడ మీది మనిషి నీడను చూసింది. అది ఇప్పుడు ఉత్త మచ్చ. తలా లేదు, భుజాలూ లేవు. ఇన్నాళ్ళు దాన్ని చూసి వణికింది. అదే గదిలో, అదే మంచం మీద తన పక్కన పడుకుని, పాప దగ్గుతుంటే "ఒక మాత్రేసి పడుకోబెట్టు" అని అటు తిరిగి పడుకున్న మనిషికి ఈ పలక సంగతి తెలుసు. ఆ తలపుకు వచ్చిన వణుకు ముందటిలాంటిది కాదు.

"మరి దెయ్యమని ఎందుకు సెప్పినావు అత్తా? గాలి సోకినాదని నన్ను ఎందుకు సంపుకు తిన్నావు?"

"పోతావనే!" ముసలావిడ అరిచేసింది. "దెయ్యమంటే బయపడి గుంటనెత్తుకుని నీ కన్నోరింటికి పోతావనుకున్నాను. నువ్వు పోవు గదే! తాయెత్తు కట్టినావు, మొక్కులు మొక్కినావు, మల్లీ తెచ్చి ఈ గోడ పక్కే పడుకోబెట్టినావు."

"ఐసని సెప్తే అప్పుడే పోయీదాన్ని."

"ఐసంటే ఆడ్ని అడుగుతావు. అది అడిగినట్టే. కన్నకొడుకు మీద నోరెలాగిప్పను? దెయ్యం మీదకి తోసేస్తే ఎవులికీ బాద నేదు. దాని పేరే సెడగొట్టినాను, సచ్చినదాని పేరు. నిన్ను బతికించుకుందామనే." ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ మరుక్షణమే గోవింద్ దగ్గరికి వెళ్ళి పలక అంచు పట్టుకుంది. "సూసీసినారు గదా, సాలు. బేగి బిగించీ బాబూ. ఆడొచ్చి సూసినాడంటే ఈ ఇంట్లో నానుండను, ఇదీ ఉండదు."

"మూసేది లేదు మామ్మగారూ" అంది అనూరాధ. ఆమె వాళ్ళ మాటలన్నీ విన్నది, ఏమీ కలగజేసుకోలేదు. ఇప్పుడు మాత్రం ఆమె ధ్యాస మనుషుల మీద లేదు. కిటికీ చట్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇటుకల మధ్య వేలు పెట్టింది. వేలు సగందాకా దిగిపోయింది. బయటికి తీస్తే తొడుగు నిండా జావలాంటి మట్టి. "గోవింద్, ఇటు చూడు. సిమెంటు కాదు, మట్టితో కట్టేరు. నాని నాని పిండైపోయింది. ఇది ఏ ఆధారం మీద నిలబడిందో కూడా తెలీదు."

గోవింద్ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, అవతల ఇప్పుడు ఐసుందా? ఈ గోడకి బరువు ఆనించి ఉందా?"

"నేదు" అంది సుహాసిని. "కాళీ. లోడు రేపొస్తాది."

"అయితే మంచిది. ఇవాళ బూజు పని ముట్టుకోం. ముందు మేస్త్రీని పిలిచి ఈ గోడకి ఊతకర్రలు పెట్టించాలి. ఆ గదిలోకి ఎవరూ..."

హారన్ వినిపించింది. సందులోకి తిరిగేటప్పుడు లారీలు కొట్టే పొడుగాటి హారన్. ఇంటి పక్కనే వచ్చి ఇంజను గుర్రుమంటూ ఆగింది.

"లోడుతో ఇయాలే వచ్చేసినాడు" అంది నారాయణమ్మ. పలక మీంచి ఆమె చెయ్యి జారిపోయింది.

అవతల ఇనప తలుపులు తెరుచుకున్న చప్పుడు. మనుషుల అరుపులు. ఐసు దింపే పద్ధతి సుహాసినికి తెలుసు. లారీ వెనక నుంచి గదిలోకి ఏటవాలుగా చెక్క వేస్తారు. దాని మీంచి దిమ్మను వదిలితే అది జారుకుంటూ పోయి ఎదుటి గోడకు కొట్టుకుని ఆగుతుంది. ఎదుటి గోడంటే ఇదే.

దబ్బుమని తగిలింది. గదంతా అదిరింది. ఇటుకల సందుల్లోంచి తడిమట్టి ముద్దలుగా ఊడి నేలమీద పడింది. చట్రం మధ్యలో ఇటుకలు కొంచెం ఇవతలికి ఉబ్బాయి.

"అందరూ బయటికి!" అనూరాధ అరిచింది. "గోవింద్, పరిగెత్తు! దింపడం ఆపమను!"

గోవింద్ జిప్పు లాగి బయటికి దూకాడు. సుహాసిని ఫోను తీసి మొగుడికి కలిపింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు. లారీ ఇంజను హోరు, లోపల మెషీను హోరు, ఎవరికి ఏం వినిపిస్తుంది?

ఆమె ప్లాస్టిక్ షీటు దాటబోతుంటే ఎదురుగా బుల్లమ్మ. ముందుగదిలో మూటల మధ్య నిలబడి, అయోమయంగా చూస్తోంది. చేతిలో పాప చెప్పులు.

"పిన్నీ! నువ్వొచ్చీసినావేటి? పాపేది?"

"అదేటే? వాలమ్మ దగ్గరికని దాన్నాన్న ఎత్తుకెల్నాడు గదా. వీదిలో లారీ ఆపి దిగి, ఎత్తుకుని మల్లీ లారీ ఎక్కినాడు. సెప్పులు మరిసిపోనాదని తెచ్చినాను. మీ ఇంట్లో నేదేటి?"

వెనక మళ్ళీ దబ్బుమంది. ఇటుక ఒకటి ఊడి గది మధ్యకు దొర్లింది. ఆమె వెనక్కి తిరిగింది. చట్రంలో ఇటుక ఊడిన చోట నల్లటి కంత. అందులోంచి చల్లటి ఆవిరి పొగలా లోపలికి వస్తోంది.

అనూరాధ చేయిచాచి మెషీను ఆపింది. హోరు ఆగిపోయింది. ఆ కంతలోంచి సన్నగా పిల్లికూత. ఆ వెనకే మాట.

"అమ్మా! నువ్వు గోడలో ఉన్నావేటి?"

సుహాసిని ఒక్క ఉదుటున ముందుకు పోయి, పేరు పెట్టి పిలవబోయింది. వెనకనుంచి ఒక అరచెయ్యి వచ్చి ఆమె నోటిని గట్టిగా మూసేసింది. నారాయణమ్మ. చేపల గంపలు మోసిన ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు.

"పిలవకే!" చెవిలో బుసకొట్టినట్టు అంది. "నువ్వు పిలిస్తే నీ గొంతు ఇని గోడ దగ్గిరికి వచ్చీస్తాది."

అవతల చిన్న అడుగులు, తడినేల మీద చప్ చప్ మంటూ, అప్పటికే దగ్గరవుతున్నాయి. వాటికి వెనకగా, పైనుంచి, చెక్క మీద దిమ్మ జారడం మొదలైన గరగర.